తెల్లబోయిన పేజీ

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణానికీ భోజనాలకూ నడుమ ఉన్న ఈ కొద్ది సమయాన్ని కార్యవర్గంవారు మాకు ఇచ్చి, మన పిల్లలు రాత్రనక పగలనక చేసే పని ఏమిటో పెద్దలకు బోధపడేటట్లు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ పనికి శాఖలు అనేకం. అందులో ఒక్క కొమ్మనే పట్టుకొంటాము. మనం తెర మీద చూచే పేజీలను నడిపే భాష జావాస్క్రిప్టు. అందులో తరచుగా వచ్చే తప్పు ఒకటి ఉన్నది. పిల్లలు దాన్ని టైప్ ఎర్రరు అంటారు, మనం రకం తప్పు అనుకోవచ్చు. అది ఎక్కడ పుడుతుంది, ఎక్కడ బయటపడుతుంది, దాన్ని ఎట్లా పట్టుకోవాలి అన్నదే నేటి ముచ్చట.

ఇది ఇంజనీర్ల గొడవ, మాకెందుకని పెద్దలు అనుకోవద్దు. పాస్‌పోర్టు దరఖాస్తు మొదలుకొని పండుగ భోజనాల లెక్క దాకా ఈనాడు మన పేరూ ఊరూ ఈ పేజీల గుండానే పోతున్నవి. పేజీ మన ఊరిని గుర్తించకపోతే చిక్కు మనకే గాని పేజీకి కాదు గదా! మేము యానాం వారము కావడం చేత ఈ సంగతి మాకు కొంచెం ముందుగానే తెలిసివచ్చింది.

యానాం ఎరుగనివారికి రెండు ముక్కలు. గౌతమీ గోదావరి ఒడ్డున, కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరాన, చుట్టూరా ఆంధ్రప్రదేశ్ ఉండగా నడుమ 30 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న ఊరు అది. ఫ్రెంచివారి ఏలుబడి 1954 నవంబరు 1న ముగిసింది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా కూడా భారతదేశంలో కలిసింది. పరిపాలన పుదుచ్చేరి వారిది. ఆ పుదుచ్చేరి ఎక్కడో తమిళదేశపు ఒడ్డున ఉన్నది. మా ఊళ్ళో బండి మీద అక్షరాలు పీవై 04, అంటే పుదుచ్చేరి. టెలిఫోను అంకె 0884, అంటే కాకినాడ. పిన్‌కోడు 533464, అంటే గోదావరి జిల్లాల వరుస. పుదుచ్చేరి పట్టణంలో అయితే అది 605తో మొదలవుతుంది. మాట్లాడేది తెలుగు. మనిషికి ఇందులో చిక్కేమీ లేదు. పోస్టుమాను ఎన్నడూ తికమకపడి ఎరుగడు. తికమకంతా యంత్రానికే.

ఇక అసలు సంగతి. ఇంకొక ఊరి తెలుగు సంఘంవారు, పేరు అప్రస్తుతం, సభ్యుల పట్టిక కోసం ఒక నమోదు పేజీ పెట్టుకొన్నారు. పేరు, స్వగ్రామం, జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడు, ఇంట్లో ఎందరు అన్నవి అందులో గడులు. ఆ ఊళ్ళో ఉండే యానాం పెద్దాయన ఒకరు పేరు వ్రాశారు, ఊరు వ్రాశారు, రాష్ట్రాల జాబితాలో పుదుచ్చేరిని ఎంచుకొన్నారు. అంతే, పేజీ తెల్లబోయింది. గడులు లేవు, బొమ్మలు లేవు, సంఘం పేరు కూడా లేదు. మూడుసార్లు ప్రయత్నించి, తన చేతిలో ఏదో దోషం ఉన్నదనుకొని, నాలుగోసారి ఆంధ్రప్రదేశ్ అనీ తూర్పు గోదావరి అనీ నొక్కారు. పని జరిగింది. ఆ తరువాత ఆయన పట్టికలో యానాం వారు ఇంకెవరైనా ఉన్నారా అని వెతికితే ఎవ్వరూ లేరని జవాబు వచ్చింది. ఉన్నారు! ఆయన చేసినట్లే అందరూ చేశారు, అంతే. పరాయిదేశంలో ఒకే ఊరివారు ఒకరికొకరు దొరకాలని పెట్టుకొన్న పట్టిక, ఆ ఒక్క పనీ చేయలేకపోయింది.

ఆ సంఘంవారు సాయం అడిగితే, ఈ పనిలోనే ఉన్న మన పిల్లలు ఇద్దరిని వెంటబెట్టుకొని మేము ఒక సాయంత్రం కూర్చొన్నాము. ఏం చూచామో చెప్పేముందు, పేజీ ఎట్లా కడతారో కొంచెం చెప్పాలి.

ఈనాడు పేజీని ఎవరూ ఒకే ముద్దగా వ్రాయరు. రియాక్టు, యాంగ్యులరు, వ్యూ అని కొన్ని చట్రాలు ఉన్నవి. రియాక్టును ఫేస్‌బుక్కు వారు 2013లో అందరికీ విడుదల చేశారు. ఈ చట్రాలలో పేజీని చిన్న చిన్న భాగాలుగా కడతారు. రాష్ట్రాల జాబితా ఒక భాగం, జిల్లాల జాబితా ఒక భాగం, భోజనాల లెక్క మరొక భాగం. ప్రతి భాగానికీ కావలసిన సరుకు వెనుకనుంచి ఎవరో అందించాలి. అందినదాన్ని అది తెర మీద వడ్డిస్తుంది. పంక్తి భోజనం అనుకోండి. విస్తరి వేసి, ఇంకా ఏమీ వడ్డించకపోతే అది ఖాళీ జాబితా. గొడవ లేదు, కూర్చొన్నవారు ఓపికపడతారు. నాకు ఉపవాసం, విస్తరి వేయవద్దని మనిషే చెబితే అది నల్. అసలు ఆ మనిషికి విస్తరి వేయాలన్న సంగతే ఎవరికీ తోచకపోతే అది అన్‌డిఫైన్డ్. విస్తరి లేనిచోట పప్పు వడ్డించమంటే వడ్డించేవాడు ఏం చేస్తాడు? గరిటె పట్టుకొని నిలబడి కేక వేస్తాడు. ఆ కేక పేరే టైప్ ఎర్రరు.

ఇక్కడ తెలుసుకోవలసింది ఏమంటే, కేక వేసినవాడు తప్పు చేసినవాడు కాడు. విస్తరి వేయనివాడు ఎక్కడో పందిరి మొదట్లో ఉన్నాడు, ఈపాటికి చేతులు కడుక్కొని వెళ్ళిపోయి ఉంటాడు. టైప్ ఎర్రరును వెతకడమంటే కేక వినబడ్డ చోటినుంచి వెనక్కు నడిచి అతన్ని పట్టుకోవడం. ఈ ఒక్క మాట మరచిపోయినందువల్లనే మన పిల్లలకు చాలా రాత్రులు నిద్ర ఉండదు.

ఆ సాయంత్రం మేము మొదట బ్రౌజరులో కన్సోలు తెరిచాము. కన్సోలు అంటే పేజీ వెనుక యంత్రం తన కష్టసుఖాలు వ్రాసుకొనే చిట్టా. పేజీని చూచేవారికి అది కనబడదు, పిలిస్తే కనబడుతుంది. క్రోము బ్రౌజరులో ఎర్రని అక్షరాలతో "క్యానాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్, రీడింగ్ మ్యాప్" అని ఉన్నది. ఇదే తప్పును సఫారీ "అన్‌డిఫైన్డ్ ఈజ్ నాట్ యాన్ ఆబ్జెక్ట్" అంటుంది. ఫైర్‌ఫాక్సు మరి కొంచెం సూటిగా, ఫలానాది అన్‌డిఫైన్డ్ అని ఆ ఫలానాదాని పేరు చెబుతుంది. మాటలు వేరైనా కేక ఒక్కటే. కొత్తవారు ఇందులో అన్‌డిఫైన్డ్ అన్న మాటనే పట్టుకొని వేలాడతారు. పనికివచ్చే మాట చివరిది, మ్యాప్. మ్యాప్ అంటే జాబితాలోని ఒక్కొక్క వస్తువునూ తీసి ఒక్కొక్క వరుసగా తెర మీద పెట్టే పని. అంటే ఇక్కడ ఎవరో ఒక జాబితాను ఆశించారు, జాబితా రాలేదు. పేజీలో జాబితాలు రెండే. రాష్ట్రాల జాబితా సరిగానే కనబడింది కనుక మిగిలింది జిల్లాలది. తెర మీద ఇంకేమీ ముట్టుకోకుండానే సగం దారి తెలిసింది.

ఒక్క జాబితా రాకపోతే పేజీ అంతా ఎందుకు పోవాలి అని పెద్దలు అడగవచ్చు. సబబైన ప్రశ్న. 2017లో వచ్చిన 16వ రియాక్టు నాటినుంచి, ఏదైనా భాగం కేక వేస్తే, ఆ కేకను అడ్డుకొనే గోడ ఎక్కడా కట్టి ఉండకపోతే, రియాక్టు మొత్తం పేజీనే దించివేస్తుంది. తప్పుడు సంగతి చూపేకంటే ఏమీ చూపకపోవడమే మేలన్నది దాన్ని కట్టినవారి అభిప్రాయం. డబ్బు లెక్కలలో అది నిజమే. కాని గోడలు కట్టుకొనే వీలు కూడా వారే ఇచ్చారు. ఎర్రర్ బౌండరీ అంటారు. జిల్లాల గడి చుట్టూ ఒక గోడ ఉంటే ఆ గడి ఒక్కటే కూలి మిగతా పేజీ నిలబడేది, ఆ పెద్దాయన తన చేతిని అనుమానించేవారు కారు.

తరువాత చిట్టాలో కేక కింద ఉన్న వరుసలు చదివాము. ఎవరు ఎవరిని పిలిస్తే ఈ కేక పుట్టిందో ఆ వంశావళి అక్కడ ఉంటుంది. పై వరుసలు కొన్ని రియాక్టు వారి సొంత ఇంటివి కావచ్చు, వాటి జోలికి పోనక్కరలేదు. మనం వ్రాసిన ఫైలు పేరు మొదట ఎక్కడ వస్తుందో అక్కడ ఆగాలి. అయితే జనం మీదికి వదిలిన పేజీలో అక్షరాలన్నీ కుదించి, పేర్లన్నీ ఒంటి అక్షరాలుగా మార్చి, పదివేల వరుసలను ఒక్క వరుసగా నొక్కి ఉంచుతారు. అది చదవడం మానవమాత్రులకు సాధ్యం కాదు. సోర్స్ మ్యాపు అనే మరొక ఫైలు దగ్గర ఉంటే బ్రౌజరు ఆ ముద్దను విప్పి అసలు వ్రాత చూపుతుంది. ఆ సంఘంవారి వద్ద అది భద్రంగా ఉన్నది. మాకు పని తేలికయింది.

పిదప, తప్పు జరిగిన క్షణాననే ఆగమని బ్రౌజరుకు చెప్పి, ఆయన చేసినట్లే పుదుచ్చేరిని ఎంచుకొన్నాము. యంత్రం కాలు ఎత్తినచోట ఎత్తినట్లే ఆగింది. అప్పుడు దాని చేతిలో ఏమున్నదో తీరికగా చూడవచ్చు. ఎంచుకొన్న రాష్ట్రం: పుదుచ్చేరి. వెతుకుతున్న పట్టిక: రాష్ట్రం పేరు చెబితే జిల్లాల జాబితా ఇచ్చేది. ఆ పట్టిక తెరిచి పేర్లు ఒక్కొక్కటే చదివాము. పుదుచ్చేరి లేదు. పాండిచ్చేరి ఉన్నది! దానికింద నాలుగు జిల్లాలూ, యానాంతో సహా, చక్కగా వ్రాసి ఉన్నవి.

పాండిచ్చేరి పేరు పుదుచ్చేరిగా మారింది 2006 అక్టోబరు 1న. జిల్లాల పట్టిక అంతకు ముందటి ఏదో జాబితానుంచి దిగివచ్చినది. రాష్ట్రాల జాబితా తరువాతి కాలానిది. రెండూ వాటివాటి కాలానికి సత్యమే. రెంటినీ ఒక గూటికి చేర్చినవారు పేర్లు కలుస్తున్నవో లేదో చూడలేదు. ఆ సంఘంలో పుదుచ్చేరి వారు, కారైకాల్ వారు లేరు గనుక ఆ తలుపు తట్టినవారు యానాం వారు ఒక్కరే.

ఇది చూచి మన పిల్లలలో ఒకరు ఆశ్చర్యపోయి, "ఈ పేజీ టైప్‌స్క్రిప్టులో వ్రాశారు గదండీ, ఎట్లా తప్పించుకొన్నది?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఒక్క నిమిషం వెనక్కు పోవాలి.

జావాస్క్రిప్టు తొలి రూపాన్ని 1995లో నెట్‌స్కేపు కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఆయన 10 రోజులలో కట్టారు. అందులో ఏ పాత్రలో ఏ సరుకు పోస్తారో ముందుగా చెప్పనక్కరలేదు. అంకె పోసిన పాత్రలో కాసేపటికి మాట పోయవచ్చు, తరువాత జాబితా పోయవచ్చు. లేదు అని చెప్పడానికి నల్, అన్‌డిఫైన్డ్ అని రెండు మాటలు పెట్టారు. పైగా నల్‌ను పట్టుకొని నీవు ఏ రకమని అడిగితే నేను ఆబ్జెక్టునని జవాబిస్తుంది. అది తొలినాటి పొరపాటు, దిద్దితే ఎన్ని పాత పేజీలు చెడిపోతాయో అని అట్లాగే ఉంచేశారు. నల్ అన్న ఊహ అంతకంటే పాతది. 1965లో ఆల్గాల్ డబ్ల్యు అనే భాష కోసం టోనీ హోర్ దాన్ని ప్రవేశపెట్టి, 2009లో ఒక సభలో అది తన నూరు కోట్ల డాలర్ల తప్పిదమని చెప్పుకొన్నారు. మా మటుకు మాకు ఆయన తనను తాను మరీ కఠినంగా చూచుకొన్నారనిపిస్తుంది. లేదు అని చెప్పగలగడం తప్పు కాదు. లేకపోవచ్చునన్న సంగతి అవతలివారికి ముందుగా చెప్పకపోవడం తప్పు.

ఆ చెప్పే వీలు కోసమే 2012లో మైక్రోసాఫ్టు వారు టైప్‌స్క్రిప్టు తెచ్చారు. ఏ పాత్రలో ఏ రకం సరుకో వ్రాస్తే, పేజీ జనంలోకి పోకముందే తేడాలు పట్టి ఇస్తుంది. 2016లో వచ్చిన రెండవ రూపంనుంచి, లేకపోవచ్చు అన్నదాన్ని కూడా ఒక రకంగా లెక్కించి నిలదీసే కట్టుదిట్టం పెట్టుకొనే వీలు కలిగింది. అయితే టైప్‌స్క్రిప్టు మన మాట నమ్ముతుంది. ఆ పేజీలో జిల్లాల పట్టికను ఎట్లా ప్రకటించారంటే, "ఏ పేరు చెప్పి అడిగినా జిల్లాల జాబితా ఇస్తుంది" అని. ఏ పేరు చెప్పినా! ఇంత వాగ్దానం ఏ పట్టికా నిలబెట్టుకోలేదు. "అడిగిన పేరు ఉంటే ఇస్తుంది, లేకపోతే లేదంటుంది" అని ప్రకటించి ఉంటే, వ్రాసేనాడే టైప్‌స్క్రిప్టు అడ్డుపడి, లేనప్పుడు ఏం చేస్తావని అడిగేది. ఇటువంటి పట్టికలన్నిటినీ అనుమానించే అమరిక ఒకటి 2020లో 4.1 రూపంలో వచ్చింది. నో అన్‌చెక్డ్ ఇండెక్స్‌డ్ యాక్సెస్ అని దాని పేరు. స్ట్రిక్టు అనే మామూలు కట్టుదిట్టంలో అది చేరదు, విడిగా పెట్టుకోవాలి. పని మొదలుపెట్టేటప్పుడే పెట్టుకొంటే పెద్ద బాధ ఉండదు. ఏళ్ళ తరబడి పెరిగిన పేజీలో ఒక్కసారిగా పెడితే వందల ఎర్ర గీతలు లేస్తవి, ఇంటాయన భయపడి తీసివేస్తాడు.

ఇంకొక సంగతి. టైప్‌స్క్రిప్టు వ్రాతలన్నీ పేజీ బ్రౌజరుకు చేరేలోపల చెరిగిపోతవి. నడిచేది ఒట్టి జావాస్క్రిప్టు. సర్వరు దగ్గరనుంచి ఏం వచ్చిందో, మనిషి గడిలో ఏం వ్రాశాడో చూడటానికి అక్కడ టైప్‌స్క్రిప్టు ఉండదు.

ఇప్పుడు మందుల మాట. మేము వెళ్ళేసరికే ఆ సంఘంలో కొందరు చికిత్సలు మొదలుపెట్టారు. ఒకరు కేక వినబడ్డ వరుసలోనే ఒక ప్రశ్నార్థకం, ఒక చుక్క చేర్చారు. 2020 నాటి జావాస్క్రిప్టులో వచ్చిన సౌకర్యం అది. వస్తువు ఉంటే తీసుకో, లేకపోతే నోరు మూసుకొని పో అని అర్థం. పేజీ తెల్లబోవడం ఆగింది. జిల్లాల గడి మాత్రం ఖాళీగా తెరుచుకొన్నది. యానాం వారికి ఈసారి పేజీ కనబడుతుంది, జిల్లా దొరకదు. విస్తరి వేయని మనిషిని చూచి వడ్డించేవాడు కేక వేయడం మానుకొని పక్కకు పోయాడన్నమాట. ఆకలి మాత్రం ఆకలే. మరొకరు ఇంకా తెలివిగా, పిన్‌కోడు 53తో మొదలైతే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని పేజీయే నింపుకొనేటట్లు వ్రాయబోయారు. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడు తపాలా సౌకర్యం కోసం పుట్టింది, రాజ్యాల హద్దులు చెప్పడానికి కాదు. యానాంకు 53, అదే పుదుచ్చేరి పాలనలోని మాహేకు 673, అంటే కేరళ వరుస. ఆ మందు వేసి ఉంటే ఏ కేకా వినబడేది కాదు. యానాం వారందరూ ఎవరి ప్రమేయమూ లేకుండా ఆంధ్రప్రదేశ్ లెక్కలో పడిపోయేవారు. కేక వేసే తప్పుకంటే నోరు మూసుకొన్న తప్పుకే మేము ఎక్కువ భయపడతాము.

ప్రశ్నార్థకం ఎప్పుడూ వద్దని మా అభిప్రాయం కాదు. రెండో ఫోను నంబరు ఉండవచ్చు, లేకపోవచ్చు. అక్కడ అది న్యాయమే. ఉండి తీరవలసిన చోట దాన్ని పెట్టడం మాత్రం మూత పెట్టడమే. ఎనీ అని ఏదైనా సరేనని వ్రాయడమూ, ఆశ్చర్యార్థకం పెట్టి ఇది ఉన్నదని నా మాట నమ్మమనడమూ అదే కోవలోవి.

మేము చేసిందేమంటే, ముందు పట్టికలో పేరు బదులు సంకేతం పెట్టాము. ఊరి పేరు, రాష్ట్రం పేరు కాలంతో మారుతవి. 2006లో పేరు మారినా బండ్ల మీది పీవై మారలేదు గదా! అటువంటి మారని గుర్తుతో వెతికి, పేరును కేవలం చూపించడానికే ఉంచాలి. తరువాత రెండు జాబితాలనూ ఒకే మూలంనుంచి తీసేటట్లు కట్టి, ప్రతి రాష్ట్రానికీ జిల్లాలు ఉన్నవో లేవో పేజీ మొదలుకాకముందే సరిచూచే చిన్న పరీక్ష పెట్టాము. సరిహద్దున సుంకపు తనిఖీ ఉన్నదనుకోండి. సరుకును అక్కడే విప్పి చూస్తారు గాని, ఊళ్ళోకి వచ్చాక ఇంటింటికీ తిరిగి మూటలు విప్పమనరు. పేజీకి కూడా సర్వరునుంచి సరుకు దిగేచోట, మనిషి గడి నింపినచోట, అక్కడే తనిఖీ ఉండాలి. అది దాటి లోపలికి వచ్చినదాన్ని ఇక ఏ భాగమూ అనుమానించనక్కరలేదు. తనిఖీలో తేలనిది ఏదైనా ఉంటే, "ఈ రాష్ట్రానికి జిల్లాలు దొరకలేదు, మీ జిల్లా పేరు మీరే వ్రాయండి" అని మర్యాదగా అడగాలి, నిర్వాహకులకు కబురు పోవాలి.

పట్టికలో అంతకుముందే తూర్పు గోదావరి కింద పడినవారి మాట మిగిలింది. పిన్‌కోడు గడి ఒకటి ఉండబట్టి వారి ఆచూకీ దొరికింది. అట్లాగని పిన్‌కోడు చూచి మేమే దిద్దితే ఆ రెండో ఆయన మందే వేసినట్లు. ఒక్కొక్కరికీ ఫోను చేసి, మీ ఊరు ఏదండీ అని అడిగి దిద్దాము. యానాం వారు నాలుగు కుటుంబాలు తేలారు. తూర్పు గోదావరి జిల్లానే 2022 ఏప్రిల్ 4న విడదీశారు కనుక, ఆ పని చేస్తూ ఉండగానే కాకినాడ వారు, కోనసీమ వారు కూడా తమ జిల్లాలు దిద్దమన్నారు.

రకం తప్పులలో ఇంకా కొన్ని మన ఇళ్ళలో నిత్యం కనబడేవి ఉన్నవి, త్వరగా చెప్పుతాము. గడిలో మనిషి ఏ అంకె కొట్టినా పేజీ చేతికి అది మాటగానే అందుతుంది. పెద్దలు 2, పిల్లలు 1 అని వ్రాస్తే, రకం మార్చకుండా కలిపిన పేజీ 3 అనదు, రెండు మాటలను పక్కపక్కన పెట్టి 21 అంటుంది. ముగ్గురు మనుషుల ఇంటికి 21 పులిహోర పొట్లాలు! ఇందులో కేక లేదు, ఎర్ర అక్షరం లేదు. వంటవారు అడిగేదాకా ఎవరికీ తెలియదు. దీనికి తలక్రిందులైనది మరొకటి. మన పిన్‌కోడు ఏదీ సున్నతో మొదలుకాదు, కనుక మనవాళ్ళు దాన్ని అంకె అనుకొని అంకెగానే దాచుకొంటారు. అమెరికాలో మనవారు ఎందరో ఉండే న్యూజెర్సీ ఎడిసనుకు 08820 అనే కోడు ఒకటి ఉన్నది. దాన్ని అంకెగా దాస్తే ముందున్న సున్న రాలిపోయి 8820 మిగులుతుంది. కూడికా తీసివేతా చేయనిది అంకె కాదు, అంకెలతో వ్రాసిన పేరు. ఫ్రాన్సులో స్థిరపడినవారికి వేరే బాధ: అక్కడ పన్నెండున్నరను 12,5 అని కామాతో వ్రాస్తారు. జావాస్క్రిప్టు ఒక పద్ధతిలో చదివితే 12 అంటుంది, మరొక పద్ధతిలో ఇది అంకే కాదంటుంది. చందా పుస్తకం అటువంటి పేజీకి అప్పజెప్పేముందు ఒకసారి చూచుకోవాలి.

పేజీ మొదటిసారి గీసేటప్పుడు వచ్చే కేక ఒకటి చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. సర్వరునుంచి జాబితా రావడానికి క్షణమో రెండు క్షణాలో పడుతుంది. రియాక్టు అంతదాకా ఆగదు, ఉన్నదానితో ఒకసారి గీసేస్తుంది. అప్పటికి పాత్రలో ఏమీ పోయకపోతే అన్‌డిఫైన్డే ఉంటుంది, అదే కేక. మొదటే ఖాళీ జాబితా పెట్టుకొంటే, అంటే విస్తరి వేసి ఉంచితే, కేక రాదు. అయితే ఇంకా రాలేదు అనేదీ, వచ్చింది గాని ఏమీ లేదు అనేదీ రెండు వేరు సంగతులు. "వస్తున్నది, కొంచెం ఆగండి" అన్న మాట తెర మీద విడిగా ఉండాలి. లేకపోతే సభ్యులెవరూ లేరని ఒక్క క్షణం చూపి ఆ మీదట ఐదు వందల పేర్లు చూపుతుంది. మా వంటి నిదానస్తులు ఆ క్షణంలోనే పేజీ మూసేసి వెళ్ళిపోతారు.

ఇక పెద్దలు చేయగల సాయం. పేజీ తెల్లబోతే, "మీ పేజీ పనిచేయడం లేదు" అని ఫోను చేస్తే పిల్లలు ఏమీ చేయలేరు. చివరగా ఏ గడిలో ఏం వ్రాశారు, ఏది నొక్కారు, ఏ బ్రౌజరు, ఫోనులోనా కంప్యూటరులోనా, ఈ నాలుగూ ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. వేరే ఊరు, వేరే రాష్ట్రం వ్రాసి గట్టెక్కవద్దు. మీరు గట్టెక్కిననాడు ఆ తప్పు దాగిపోతుంది, మీ తరువాత వచ్చే మీ ఊరివారికి మళ్ళీ అదే తెల్ల కాగితం ఎదురవుతుంది. ఆ యానాం పెద్దాయన మొదటి రోజునే ఫోను చేసి, పుదుచ్చేరి నొక్కగానే పోయిందండీ అని ఒక్క ముక్క అని ఉంటే అది అరగంట పని.

పిల్లలకు మేము ఇచ్చే పని ఒకటే. మీ పరీక్షల వరుసలలో హైదరాబాదు, విజయవాడ ఎట్లాగూ ఉంటవి. వాటితోపాటు యానాం, పుదుచ్చేరి, 533464 అని ఒక వరుస వేయండి. ఎడిసను, 08820 అని ఒక వరుస. ఇంటిపేరు లేని మనిషి ఒకరు, ఇంటిపేరు ఒక్క అక్షరంగా వ్రాసుకొనే మనిషి ఒకరు. పిల్లలు లేని ఇల్లు ఒకటి.

భోజనాలు అయిన తరువాత పక్క గదిలో మన సంఘం నమోదు పేజీని తెరిచి ఉంచుతారు. మన పిల్లలు ఇద్దరూ అక్కడే ఉంటారు. ఎవరి ఊరి పిన్‌కోడు వారు గుర్తుతెచ్చుకొని వచ్చి, ఒకసారి నొక్కి చూడవలసిందిగా మనవి.